తప్తపాణి ఘాటీలో నాన్నగారి బుల్లెట్

బరంపురం నుంచి పర్లాకిమిడి వెళ్ళడానికి రెండు దారులున్నాయి. ఒకటి సముద్రం వైపు దారి. ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలో అడుగుపెట్టి, పలాస, టెక్కలి మీదుగా పాతపట్నం చేరి, మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి. బుద్ధిమంతులంతా ఆ దారినే వెళతారు. రెండోది కొండదారి. దిగపహండి మీదుగా తప్తపాణి ఘాటీ ఎక్కి, సవర పల్లెల మధ్యనుంచి ఆర్. ఉదయగిరి చేరి, అక్కణ్ణుంచి కొండలు దిగుతూ పోవాలి. మా నాన్నగారు రోడ్లు భవనాల శాఖలో ఓవర్సీరు. ఆయన ఉద్యోగం చాలా భాగం ఆ రెండో దారి మీదే గడిచింది.

మొన్న డిసెంబరులో నేను కూడా ఆ దారే పట్టాను. కారణం మా అత్తయ్య. నాన్నగారి చెల్లెలు, పర్లాకిమిడిలోనే ఉంటుంది. ఎనభై నాలుగేళ్ళు నిండాయి. "ఒరే, మీ నాన్న బండి చప్పుడు వినిపించి చాలా ఏళ్ళయిందిరా. ఒకసారి తీసుకురా" అని ఫోనులో అడిగింది. ఆవిడ ఏదైనా అడగడమే అరుదు. కాదనలేకపోయాను.

అయితే బండి తీసుకెళ్ళడంలో చిక్కు ఒకటి కాదు, రెండున్నాయి. మొదటిది, బండి నడవడం లేదు. రెండోది, అత్తయ్య ఇంటికి రెండు వీధుల అవతలే మా తమ్ముడుంటాడు. వాడికీ నాకూ రెండేళ్ళుగా మాటల్లేవు. ఆ మాటలు పోవడానికి కారణం కూడా ఈ బండే.

బండి సంగతి చెబుతాను. 1984లో నాన్నగారు కొన్న బుల్లెట్ 350. ఇంగ్లండులో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 1955లో మద్రాసు వచ్చి, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో దేశీయ సంతానమై స్థిరపడింది. మనలాగే ఒకచోట పుట్టి మరొకచోట వేళ్ళూనుకున్న జాతి అన్నమాట. పోత ఇనుము ఇంజను, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. ఈ కాలం పిల్లలు ఎక్కితే బ్రేకు అనుకుని గేరు తొక్కుతారు. స్టార్టు చెయ్యడం కూడా ఒక పూజావిధానమే. కిక్కు మెల్లగా తొక్కుతూ ఆమీటరు ముల్లు మధ్యకు వచ్చేలా చూసుకోవాలి, డీకంప్రెషను మీట నొక్కి కిక్కును ఇంకొక్క పిసరు కిందికి దింపాలి, మీట వదలాలి, అప్పుడు ఒక్క తన్ను తన్నాలి. విధి తప్పితే కిక్కు ఎగిరి పిక్క మీద కొడుతుంది. ఆ మచ్చ మా అన్నదమ్ములిద్దరికీ ఉంది.

నాన్నగారు 2011లో పోయారు. తమ్ముడు పర్లాకిమిడిలోనే బడిపంతులు కాబట్టి బండి వాడి దగ్గరే ఉండిపోయింది. పదేళ్ళు వాడే నడిపాడు. 2021లో నేను రిటైరయ్యాక, "అన్నయ్యా, ఇక నీకు తీరికుంది, నువ్వు చూసుకో" అని లారీలో వేసి బరంపురం పంపాడు. ఊళ్ళో కూరల బజారుకీ, స్టేషనుకీ తిప్పినన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత ఒకరోజు గోపాలపూర్ సముద్రానికి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు ఏమీ కాలేదు. తిరిగి వస్తుంటే ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. పది నిమిషాలు చెట్టుకింద కూర్చున్నాక ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. అప్పటినుంచి అదే తంతు. ఊళ్ళో తిరిగితే ఏ రోగమూ లేదు. ఊరు దాటి కొంతదూరం పోతే ఆగిపోతుంది.

మా ఊరి మిస్త్రీ చూసి, "కార్బురేటర్, సార్" అన్నాడు. కార్బురేటర్ అంటే తెలియనివారి కోసం ఒక ముక్క. మన మేడమీది నీళ్ళ ట్యాంకులో బంతి తేలుతూ, నీళ్ళు నిండగానే కుళాయి మూసుకుంటుంది చూశారా? అందులోనూ అలాంటి తేలే బుడ్డి ఒకటి, దాని కింద చిన్న గిన్నె. ఆ గిన్నెలోని పెట్రోలును ఇంజను పీల్చుకునే గాలి సన్నటి రంధ్రాల గుండా లాగి, పొగమంచులా చేసి లోపలికి తీసుకుపోతుంది. ఆ రంధ్రాలనే జెట్లంటారు. బండి నిలబడి గుడగుడలాడేటప్పుడు ఒక జెట్టు పనిచేస్తుంది, జోరుగా పోయేటప్పుడు ఇంకొకటి. మధ్య వేగాలకు ఒక సూది పైకీ కిందికీ ఆడుతుంది. వెంట్రుక పట్టేంత దారిలో నలుసు పడినా రోగమే.

మిస్త్రీ విప్పి చూస్తే గిన్నె అడుగున గోధుమరంగు పిండిలాంటి మడ్డి ఉంది. ట్యాంకు లోపలి తుప్పు అది. జెట్లు కడిగాడు, గాలి కొట్టాడు. నేను ఆ మడ్డి చూసి మండిపడ్డాను. తమ్ముడికి ఫోను చేసి, "పదేళ్ళు కొండల్లో తిప్పి తిప్పి కార్బురేటర్ చంపేసి నాకంటగట్టావురా. నాన్నగారి వస్తువు చూసుకునే పద్ధతి ఇదేనా?" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా దగ్గరున్నన్నాళ్ళూ ఒక్కరోజు కూడా దారిలో ఆగలేదు అన్నయ్యా. నీ దగ్గరికొచ్చాక ఏం చేశావో చూసుకో" అన్నాడు. నాకది ఎత్తిపొడుపులా వినిపించింది. నాలుగు మాటలు నేనన్నాను, రెండు వాడన్నాడు. ఆ ఏడు నాన్నగారి తద్దినానికి వాడు బరంపురం రాలేదు. ఆ తర్వాతి ఏడు నేనూ పిలవలేదు. ఒక తండ్రికి ఇద్దరు కొడుకులం, రెండు ఊళ్ళలో రెండు తద్దినాలు. మా ఆవిడ విస్తరి వేస్తూ, "మామయ్యగారు ఏ ఇంటికి వస్తారో పాపం" అంది. నేను వినిపించుకోనట్టు ఊరుకున్నాను.

అత్తయ్య అడిగాక మళ్ళీ వైద్యం మొదలుపెట్టాను. కార్బురేటర్ జెట్లు కొత్తవి వేయించాను. ట్యాంకు దింపించి తుప్పు కడిగించాను. పెట్రోలు గొట్టం మార్పించాను. మా అబ్బాయి భువనేశ్వర్‌లో ఉద్యోగం. వాడు, "నాన్నా, ఇదంతా ఇథనాల్ పెట్రోలు వల్ల అయ్యుంటుంది" అన్నాడు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే దొరుకుతోంది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణముంది. పాతబండిని నెలల తరబడి కదపకుండా ఉంచితే ఆ నీరు వేరుపడి ట్యాంకు అడుగుకు చేరి తుప్పు పట్టిస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలకూ, వాషర్లకూ ఆ పెట్రోలు పడదు. కాబట్టి పాతబండి ఉన్నవాళ్ళు ఎక్కువకాలం ఆపి ఉంచేటప్పుడు గిన్నెలో పెట్రోలు తీసేయడం మంచిది. ఇవన్నీ చేయించాం. చివరికి మిస్త్రీ ట్యాంకు పక్కనపెట్టి, ఒక సీసాలో పెట్రోలు పోసి హ్యాండిలుకు వేలాడదీసి, దాని గొట్టంతో బండి గంటసేపు నడిపి చూపించాడు. గుండెచప్పుడులా ఉంది, ఒక్క ఎక్కిలి లేదు. "అయిపోయింది సార్, కాశీ దాకా వెళ్ళొచ్చు" అన్నాడు.

మా ఆవిడ నమ్మలేదు. "మీ తండ్రీకొడుకులు దానిమీద రండి. నేను పలాస దాకా రైల్లో, అక్కణ్ణుంచి బస్సులో వస్తాను. ఎవరు ముందు చేరతారో చూద్దాం" అంది. పందెం తనే గెలుస్తుందని ఆవిడకు ముందే తెలుసు.

తెల్లవారుజామున బయలుదేరాం. ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. పెద్దబజారు దగ్గర పూరీ ఉప్మా తిన్నాం. పూరీతో ఉప్మా ఏమిటని మన ఆంధ్ర చుట్టాలు నవ్వుతారు గానీ, మా బరంపురంలో పుట్టినవాడికి అది లేనిదే తెల్లవారదు. ఊరు దాటాక పొలాల మీద మంచు. కోతలైన వరిమళ్ళు, దూరంగా నీలంగా కొండలు. మైలురాళ్ళ మీద ఒడియా అక్షరాలు మా అబ్బాయి గడగడా చదువుతున్నాడు. వాడికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం కూడబలుక్కోవాలి. మన ఇళ్ళలో ఇది కొత్త సంగతేమీ కాదు.

దిగపహండి ఇంకా రాకముందే మొదటి ఎక్కిలి వచ్చింది. రెండో ఎక్కిలికి బండి ఆగింది. మా అబ్బాయి నా ముఖం చూశాడు, నేను ఆకాశం చూశాను. ఈసారి ఊరికే కూర్చోకుండా ప్లగ్గు విప్పి, ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టించాను. నీలిరంగు నిప్పురవ్వ టపటపమంది. అంటే కరెంటు ఉంది. వేడెక్కితే చచ్చి చల్లబడితే లేచే కాయిళ్ళూ, కండెన్సర్లూ ఉంటాయి, ఆ అనుమానం తీరింది. ప్లగ్గు మూతి మాత్రం పొడిగా, తెల్లగా ఉంది. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు నల్లగా తడిగా ఉంటుంది. ఇది పస్తున్న ప్లగ్గు. ఇదంతా తేల్చేసరికి పది నిమిషాలయింది, బండి మళ్ళీ స్టార్టయింది. దిగపహండి దాటాక మళ్ళీ ఆగింది. అలా ఆగుతూ, సాగుతూ ఘాటీ మొదలయ్యేచోట రోడ్డుపక్క రేకుల షెడ్డు ఒకటి కనిపిస్తే అక్కడికి తోసుకుంటూ వెళ్ళాం.

షెడ్డులో ఒక పెద్దాయన సైకిలు చక్రం సరిచేస్తున్నాడు. డెబ్భై ఏళ్ళుంటాయి. ఒడియాలో మొదలుపెట్టి నా యాస విని తెలుగులోకి దిగాడు. శ్రీకాకుళం వైపువాళ్ళట, వాళ్ళ తాతల నాడే ఇటొచ్చారట.

"కార్బేటర్ ఎవరు విప్పినారు బాబూ?" అని అడిగాడు.

జరిగిన వైద్యమంతా చెప్పాను. జెట్లు, ట్యాంకు, గొట్టం, సీసా. సీసా అనగానే ఆయన చక్రం పక్కన పెట్టాడు.

"సీసాతో గంట నడిసిందా? మరి కార్బేటర్ కేటి రోగం? రోగం సీసాకీ ట్యాంకుకీ ఉన్న తేడాలో ఉండాల."

అంత చిన్న మాట మాకెవరికీ తట్టలేదు. నాకు గొంతు పొడారిపోయింది.

ఆయన కార్బురేటర్ గిన్నె అడుగున ఉన్న చిన్న మర తిప్పాడు. నిండా పెట్రోలు పోసిన బండి, గిన్నెలోంచి నాలుగు చుక్కలు రాలి ఆగిపోయాయి. గొట్టం లాగి చూశాడు. కుళాయి తెరిచే ఉంది, పెట్రోలు మాత్రం రావడం లేదు. అప్పుడు నావైపు చూసి, "ఈ రోగం రాకముందు ఆకరున ఏటి మార్చినారు?" అని అడిగాడు.

"ఏమీ మార్చలేదు మిస్త్రీగారూ" అన్నాను.

ఆయన ట్యాంకు మీది మూత వైపు చూశాడు. మిలమిల మెరిసే, తాళంచెవి ఉన్న మూత. నలభై ఏళ్ళ బండి మీద అదొక్కటే కొత్తది.

"తాళం తియ్యండి" అన్నాడు.

తాళం తిప్పి మూత లేపగానే ట్యాంకు ఒక్కసారి "హుస్స్" మని గాలి పీల్చింది. కింద గొట్టంలోంచి పెట్రోలు దారకట్టింది.

సంగతి ఇదీ. ట్యాంకులోంచి పెట్రోలు కిందికి దిగాలంటే, దిగినంత మేరా పైనుంచి గాలి లోపలికి రావాలి. నూనె డబ్బాకు ఒకవైపే చిల్లు పెడితే నూనె సరిగా కారదు, రెండోవైపు ఇంకో చిల్లు పెడతారు చూడండి, అలాగే. అందుకే ట్యాంకు మూతకు కంటికి కనిపించనంత చిన్న గాలిరంధ్రం ఉంటుంది. నేను కొన్న మూతకు కూడా రంధ్రం ఉంది. కానీ దానికింద వేసిన దళసరి రబ్బరు వాషరు దాన్ని పూర్తిగా మూసేసింది. కొంతదూరం పోయేసరికి లోపల గాలి పలచబడి, పెట్రోలును కిందికి దిగనివ్వదు. ఆగి కూర్చుంటే ఎక్కణ్ణుంచో కాస్త గాలి చొరబడుతుంది, మళ్ళీ నడుస్తుంది. ట్యాంకు నిండా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ కాబట్టి రోగం ఇంకా త్వరగా ముదురుతుంది. నిండా పోయించిన రోజే ఎక్కువగా ఆగుతోందని గమనించి, నేనేమో బంకువాణ్ణి అనుమానించాను. ఊళ్ళో తిరిగేటప్పుడు ఏ నాలుగు కిలోమీటర్లకో ఆపేస్తాం కాబట్టి బయటపడలేదు.

ఆ మూత ఎప్పుడు కొన్నానో అప్పుడు గుర్తుకొచ్చింది. ఎవరో రాత్రిళ్ళు పెట్రోలు తీస్తున్నారని, నాన్నగారి నాటి పాతమూత తీసేసి ఇది బిగించాను. గోపాలపూర్ ప్రయాణానికి సరిగ్గా వారం ముందు. "నీ దగ్గరికొచ్చాక ఏం చేశావో చూసుకో" అన్నాడు తమ్ముడు. మిస్త్రీ అడిగిన ప్రశ్నా అదే. రెండేళ్ళ కిందట వినవలసిన మాట ఒక రేకుల షెడ్డులో విన్నాను.

మిస్త్రీ వాషరు ఊడదీసి, మూత నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. గాలి పోయింది. వాషరుకు రంధ్రం ఉన్నచోట సూది కాల్చి సన్నంగా బెజ్జం పెట్టాడు. మళ్ళీ బిగించి ఊదితే గాలి పోయింది. "పెద్ద బెజ్జం పెట్టకూడదు బాబూ, గతుకుల్లో పెట్రోలు తొణుకుతాది, వానలో నీరు దిగతాది" అన్నాడు. ఎంతివ్వమంటారంటే ఇరవై రూపాయలన్నాడు. వందిస్తే చిల్లర వెతికి తిరిగిచ్చాడు.

తర్వాత ఘాటీ. సాలవృక్షాల మధ్య మెలికలు తిరిగే దారి, రెండో గేరులో నాన్నగారి బండి ఒకే శృతిలో ఎక్కింది. తప్తపాణి బరంపురానికి సుమారు 50 కిలోమీటర్లు. గంధకపు వాసనతో వేడినీళ్ళు ఊరే చోటు, పక్కనే అమ్మవారు. చిన్నప్పుడు నాన్నగారు మా ఇద్దరినీ ఇక్కడికి తెచ్చి, వేడినీళ్ళలో వేలు ముంచమని పందెం కాసేవారు. తమ్ముడు ఎప్పుడూ నాకంటే ఎక్కువసేపు ఉంచేవాడు. ఆ మాట మా అబ్బాయికి చెప్పాను. వాడు వేలు ముంచి వెంటనే తీసేశాడు.

పైకెక్కాక సవర పల్లెలు. తలమీద కట్టెల మోపులతో ఆడవాళ్ళు, గోడలకు ఎర్రమట్టి పూతలు. ఈ కొండల వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ, నిఘంటువూ రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడినవారూ ఆయనే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మనం ఉండిపోయాం. మిస్త్రీ అన్న "కార్బేటర్" మాట పంతులుగారు వింటే తప్పకుండా రాసుకునేవారని మా అబ్బాయికి చెప్పాను. "ఆయన రాసినవి తెలుగులోనే ఉంటాయా నాన్నా?" అని అడిగాడు. ఉంటాయన్నాను. "అయితే చదవడం నేర్చుకోవాలి" అన్నాడు. అంతకంటే నేనేమీ రెట్టించలేదు.

ఆర్. ఉదయగిరి దాటి కొండలు దిగి పర్లాకిమిడి చేరేసరికి మూడయింది. దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు. ఊళ్ళోకి వచ్చాక అత్తయ్య ఇంటికి తిన్నగా పోవచ్చు. నేను బండి తమ్ముడి వీధివైపు తిప్పాను. బుల్లెట్టు చప్పుడు దాచిపెట్టే రకం కాదు. మేము మలుపు తిరిగేసరికే వాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో సుద్దముక్క, ట్యూషను పిల్లలు వెనకనుంచి తొంగిచూస్తున్నారు.

ఇంజను ఆపాను. దారి పొడుగునా ఏవేవో మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ రాలేదు. మూత తాళం తీసి వాడి చేతిలో పెట్టాను.

"కార్బురేటర్ కాదురా. ఈ మూత. నేనే కొని బిగించాను" అన్నాను.

వాడు మూత తిరగేసి చూశాడు. బొటనవేలితో వాషరు మీది బెజ్జం తడిమాడు. పదేళ్ళు ఆ బండి విప్పి బిగించినవాడు, చెప్పకుండానే అంతా అర్థమైంది. "నాన్న పాతమూత పారేశావా?" అన్నాడు.

"లేదు. పెట్టెలో ఉంది."

"పారెయ్యకు. దానికి కొత్త వాషరు వేద్దాం" అన్నాడు. తర్వాత మా అబ్బాయి భుజం మీద చెయ్యివేసి, "ఏరా, మీ నాన్న నిన్ను ఎన్నిచోట్ల తోయించాడు?" అని అడిగాడు. వాడు నిజం చెప్పేశాడు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అత్తయ్య ఇంటికి బండి తమ్ముడే నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. మా ఆవిడ అప్పటికే భోంచేసి అత్తయ్యతో అరుగు మీద కూర్చుంది. అత్తయ్యకు కళ్ళు సరిగా ఆనవు. చప్పుడు విని, "అన్నయ్యొచ్చాడు" అంది. తర్వాత తనే సర్దుకుని, "ఇద్దరూ వచ్చారా?" అని అడిగింది. ఇద్దరం వచ్చామని తమ్ముడు చెప్పాడు.

పాతబండ్లున్న మన కుటుంబాలవారికి నా అనుభవం ఉపయోగపడితే ఒక్క మాట. బండి దారిలో ఆగితే వెంటనే కార్బురేటర్ విప్పించకండి. ముందు ప్లగ్గు తీసి నిప్పురవ్వ చూడండి, దగ్గర్లో పెట్రోలు చిందకుండా, ఎవరి నోటా బీడీ లేకుండా జాగ్రత్తపడండి. తర్వాత గిన్నెలోకి పెట్రోలు వస్తోందో లేదో చూడండి. రాకపోతే మూత తెరిచి చూడండి. ఇవి చూడడానికి అయిదు నిమిషాలు చాలు, ఖర్చు లేదు. ఆఖరున మీరేం మార్చారో గుర్తు చేసుకోండి.

ఈ ఏడు నాన్నగారి తద్దినం పర్లాకిమిడిలో, తమ్ముడి ఇంట్లో. మా ఆవిడ రైలు టిక్కెట్లు మూడు చూడమంది. ఒక్కటే చాలన్నాను.